ఒక్కో పేరుకి ఒక్కో ఫైలు

నాజీల మరణ శిబిరాలు అడవుల్లో, ఊళ్లకి దూరంగా, ఎవరి కంటా పడనిచోట ఉండేవని మనలో చాలామంది ఊహ. ట్రెబ్లింకా, సొబిబోర్ విషయంలో అది నిజమే. కానీ తూర్పు పోలెండ్‌లోని లుబ్లిన్ నగరంలో సిటీ బస్సెక్కి, బడి సంచులు తగిలించుకున్న పిల్లల మధ్య, కూరగాయలు కొనుక్కుని ఇంటికి పోతున్న ఆడవాళ్ల మధ్య నిలబడి నాలుగైదు కిలోమీటర్లు వెళితే చాలు. కుడివైపు ఇళ్ల వరస ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆ తర్వాతంతా గడ్డి. ఆ గడ్డి మీద నల్లటి చెక్క షెడ్లు, రెండు వరసల ముళ్లకంచె, కాపలా మంచెలు. అదే మైదానెక్.

వార్సాలో ఉద్యోగం చేసుకుంటున్న మా మేనల్లుడు నాకు తోడొచ్చాడు. బస్సు దిగాక వెనక్కి తిరిగి చూసి, "అత్తా, ఆ ఫ్లాట్లవాళ్లు పొద్దున్నే బాల్కనీలోకొస్తే కనిపించేది ఇదే కదా" అన్నాడు. ఆ ఫ్లాట్లు యుద్ధం తర్వాత కట్టినవి. అయితే యుద్ధం రోజుల్లో కూడా ఇది మారుమూల కాదు. లుబ్లిన్ నుంచి జామోష్చ్ మీదుగా ల్వోవ్ పోయే పెద్ద రోడ్డు ఇదే. ఆ రోడ్డున పోయేవాళ్లకి కంచె లోపలి మనుషులు కనిపించేవాళ్లు. గాలి ఊరివైపు మళ్లితే శవాలు కాలే కంపు ఇళ్లల్లోకి వచ్చేది. ఇక్కడ జరిగినదంతా ఊరి పక్కనే, ఊరి కళ్ల ముందే జరిగింది. ఈ చోటు గురించి అన్నిటికంటే ముందు నాకు చెప్పాలనిపించింది ఇదే.

మేం వెళ్లింది నవంబరు తొలి వారంలో. పోలెండ్‌లో నవంబరు 1న జనమంతా శ్మశానాలకి వెళ్తారు. తమవాళ్ల సమాధులు తుడిచి, చామంతులు పెట్టి, గాజు బుడ్లలో దీపాలు వెలిగిస్తారు. మైదానెక్‌ని ఆనుకునే ఊరివాళ్ల పెద్ద శ్మశానం ఉంది. సమాధుల మీద పూలు ఇంకా వాడలేదు. ప్రతి రాయి మీదా పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. ఆ శ్మశానానికి పక్కనున్న ఈ కంచె లోపల దాదాపు 80,000 మంది ప్రాణాలు పోయాయి. వాళ్లలో ఎవరికీ పేరు చెక్కిన రాయి లేదు.

నాజీల ఎస్‌ఎస్ దళాల అధిపతి హిమ్లర్ 1941 జులైలో లుబ్లిన్ వచ్చాడు. అప్పటికి సోవియట్ యూనియన్ మీద జర్మన్ దండయాత్ర మొదలై నెల కూడా నిండలేదు. ఈ జిల్లాలో ఎస్‌ఎస్‌కీ పోలీసులకీ అధిపతి అయిన ఓడిలో గ్లోబోచ్నిక్‌ని పిలిచి, పాతిక వేల నుంచి యాభై వేల మంది పట్టే శిబిరం ఒకటి కట్టమని పురమాయించాడు. తూర్పున గెలవబోయే నేలల మీద జర్మన్లకు కొత్త ఊళ్లు కట్టాలి, దానికి కూలి ఇవ్వనక్కర్లేని కూలీలు కావాలి. అదీ మొదటి ఆలోచన. ఆ అక్టోబరులో పని మొదలైంది. తొలి కూలీలుగా సుమారు 2,000 మంది సోవియట్ యుద్ధఖైదీలను తోలుకొచ్చారు. తిండి లేక, చలికి, టైఫస్ జ్వరానికి ఆ చలికాలంలోనే వాళ్లలో ఎక్కువమంది చచ్చిపోయారు. యూదులే కాక ఎవరెవరిని చంపారని అడిగితే, మైదానెక్ వరకూ ముందు చెప్పాల్సింది వీళ్ల గురించే. యుద్ధంలో పట్టుబడ్డ సైనికులకు ఏ దేశమైనా ఇవ్వాల్సిన కనీస రక్షణ కూడా వాళ్లకు దక్కలేదు.

1942 నుంచి యూదుల్ని తేవడం మొదలైంది. స్లొవాకియా నుంచి, చెక్ ప్రాంతాల నుంచి, జర్మనీ, ఆస్ట్రియాల నుంచి, పోలెండ్ పట్టణాల నుంచి తెచ్చారు. 1943 వసంతంలో వార్సా గెట్టోలో, అంటే యూదుల్ని బంధించి ఉంచిన పేటలో, వాళ్లు ఆయుధం పట్టి తిరగబడ్డాక, మిగిలినవాళ్లను వేలకు వేలుగా ఇక్కడికి పంపారు. జామోష్చ్ చుట్టుపక్కల జర్మన్లను నివాసం పెట్టడానికి ఖాళీ చేయించిన ఊళ్ల నుంచి పోలిష్ రైతు కుటుంబాలు వచ్చాయి. జర్మన్లతో చాటుగా పోరాడే పార్టిజాన్లకు ఆశ్రయమిచ్చారన్న నెపంతో బెలారస్ పల్లెల నుంచి తల్లుల్నీ పిల్లల్నీ పట్టుకొచ్చారు. శిబిరంలో ఐదు 'పొలాలు' ఉండేవి. జైలు భాషలో ఒక్కో విభాగాన్ని అలా అనేవారు. ఒక్కో పొలంలో రెండు వరసల చెక్క షెడ్లు, మధ్యలో హాజరు తీసుకునే ఖాళీ జాగా. పొద్దునా సాయంత్రం అక్కడ నిలబెట్టి లెక్కపెట్టేవారు. రాత్రి చచ్చిపోయినవాళ్లను కూడా మోసుకొచ్చి ఆ వరసలోనే పడుకోబెట్టాలి, లెక్క సరిపోవాలి కాబట్టి.

ఈ లెక్క అన్న మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు.

గేటు దాటి లోపలికి వస్తే మొదట్లోనే 41వ నంబరు షెడ్డు, స్నానాల గది. పైన వరసగా నీళ్లు జల్లే గొట్టాలు, కింద రెండు సిమెంటు తొట్లు. దాని వెనక గచ్చు కట్టడం ఒకటి, గ్యాస్ గదులు. ఆష్విట్జ్-బిర్కెనావులో పెద్ద గ్యాస్ గదుల్ని నాజీలు వెళ్లిపోతూ పేల్చేశారు. ట్రెబ్లింకాలో పునాదులు కూడా పైకి కనపడకుండా చేశారు. ఇక్కడ అలాంటివాటికి టైము దొరకలేదు. 1944 జులై చివర్లో సోవియట్ ఎర్రసైన్యం వాళ్లు ఊహించినదానికంటే వేగంగా వచ్చేసింది. శవాల్ని కాల్చే కట్టడానికి మాత్రం నిప్పుపెట్టి పారిపోయారు. అందుకే గ్యాస్ గదులు దాదాపు ఉన్నవి ఉన్నట్టు మిగిలాయి.

గది చిన్నది. మన ఇళ్లల్లో ఒక పెద్ద హాలంత. పైకప్పు తక్కువ ఎత్తు. గోడల మీదా కప్పు మీదా అక్కడక్కడా ముదురు నీలం మరకలు. చంపడానికి వాడిన జైక్లాన్-బి లోని సైనైడు గోడలోని ఇనుముతో కలిస్తే ఏర్పడే రంగు అది. అసలు బట్టల్లో పేలు చంపడానికి తయారైన మందు. తలుపు బరువైన ఇనప తలుపు, బయటి నుంచి గడియలు, మధ్యలో గుండ్రటి చిన్న అద్దం. పక్కన ఒక మనిషి పట్టేంత ఇరుకు గది, అందులోంచి గ్యాస్ గదిలోకి ఊచలు బిగించిన చిన్న కిటికీ. ఆ ఇరుకు గదిలో కార్బన్ మోనాక్సైడు సిలిండర్లు ఇప్పటికీ ఉన్నాయి. లోపలివాళ్లు ఎంతసేపట్లో చనిపోతున్నారో ఎస్‌ఎస్ వాడు ఆ కిటికీలోంచి చూసేవాడు. నేను ఆ కిటికీ దగ్గర నిలబడలేకపోయాను. చూసే ఉద్యోగం ఒకటి ఉండేదనీ, అది చేసినవాడు పనయ్యాక భోజనానికి వెళ్లేవాడనీ అనుకుంటే ఒళ్లు జలదరించింది. మా మేనల్లుడు తలుపు మీది మేకుల్ని చూస్తూ చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత, "ఇది ఎవరో ఇంజినీరు గీసి ఇచ్చిన డ్రాయింగే కదత్తా" అన్నాడు. వాడూ ఇంజినీరే.

చెప్పుల షెడ్డు సంగతి చాలామంది రాశారు. నేను కొంచెమే చెప్తాను. ఇనప వలల వెనక, షెడ్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా చెప్పులు, బూట్లు. అన్నీ కాలం గడిచి ఒకే మట్టి రంగుకొచ్చాయి. వాటన్నిట్లో నా కంటపడింది ఒక ఆడపిల్ల చెప్పు, మడమ దగ్గర పట్టీ, పట్టీకి ఎర్రరంగు ఇంకా కొంచెం మిగిలి ఉంది. లుబ్లిన్‌లో చనిపోయినవాళ్ల చెప్పులు మాత్రమే కావివి. బెల్జెత్స్, సొబిబోర్, ట్రెబ్లింకా మరణ శిబిరాల్లో చంపినవాళ్ల బట్టలూ చెప్పులూ లుబ్లిన్ గోదాముల్లోకి చేరేవి. ఇక్కడ ఏరి, బాగుచేసి జర్మనీకి పంపేవారు. 2010 ఆగస్టులో ఒక షెడ్డు రాత్రిపూట అంటుకుని వేలాది చెప్పులు కాలిపోయాయి. ఆ మనుషులవిగా మిగిలిన చివరి వస్తువులు కూడా అలా పోయాయని చదివినప్పుడు కలిగిన బాధ, ఆ షెడ్ల ముందు నిలబడితే మళ్లీ కలిగింది.

మూడో పొలంలో రెండు చిన్న శిల్పాలున్నాయి. చాలామంది ఆగకుండా వెళ్లిపోతుంటారు. ఆల్బిన్ మరియా బొన్యెత్స్కీ అనే పోలిష్ శిల్పి ఇక్కడ ఖైదీ. 1943లో శిబిరాన్ని అందంగా తయారు చేయమని ఎస్‌ఎస్ వాళ్లు హుకుం జారీచేస్తే, ఆయన సిమెంటుతో ఒక తాబేలును చేశాడు. ఆ తాబేలు తోటి ఖైదీలకు చెప్పిన సంగతి ఒకటే: మెల్లగా పని చెయ్యండి, వీళ్ల యుద్ధానికి మీ కండలు కరిగించకండి. రెండోది ఒక స్తంభం, దాని మీద ఎగరడానికి సిద్ధంగా ఉన్న మూడు పక్షిరాజులు. కాల్చేసినవాళ్ల బూడిద కొంత ఎవరికీ తెలియకుండా తెచ్చి ఆ స్తంభం అడుగున దాచారు. అంటే కాపలావాళ్ల కళ్లెదుటే, వాళ్ల అనుమతితోనే, ఈ శిబిరంలో చనిపోయినవాళ్లకి తొలి స్మారకం ఖైదీల చేతుల మీదుగా లేచింది. ఇప్పుడున్న స్తంభం తర్వాతి కాలంలో తిరిగి నిలబెట్టినది. దానికి దండం పెట్టుకున్నాను. మైదానెక్‌లో నేను దండం పెట్టింది అక్కడొక్కచోటే.

ఊరివాళ్లు చూస్తూ ఊరుకున్నారా అంటే, అందరూ ఊరుకోలేదు. లుబ్లిన్ ఆడవాళ్లు కొందరు రెడ్‌క్రాస్ ద్వారా, పోలిష్ సహాయ సంఘం ద్వారా 1943 నుంచి రొట్టెలు, సూపు, మందులు లోపలికి పంపారు, చాటుగా ఉత్తరాలు అందించారు. ఆ సాయం పోలిష్ ఖైదీలకే అనుమతించారు. యూదు ఖైదీలకు ఆ దారి కూడా లేదు.

పొలాలన్నీ దాటి వాలు చివరిదాకా నడిస్తే పొగగొట్టం ఉన్న కట్టడం వస్తుంది. ఐదు కొలుములు. నిప్పు పెట్టిన చెక్క కట్టడాన్ని తర్వాత మళ్లీ కట్టారు, కొలుములు మాత్రం అప్పటివే. పక్క గదిలో సిమెంటు బల్ల ఒకటుంది. శవాల్ని కాల్చేముందు నోట్లో బంగారు పళ్ల కోసం, ఒంట్లో దాచుకున్నవాటి కోసం వెతికింది దాని మీదే. కట్టడం వెనక గడ్డి కప్పిన గుంతలు, వంకరటింకరగా సాగే పల్లాలు. ఇప్పుడు చూస్తే పొలంలో నీటికాలవలు పూడిపోయినట్టు కనిపిస్తాయి.

1943 నవంబరు 3న ఆ గుంతల దగ్గర జరిగింది శిబిరాల చరిత్రలోనే ఒక్కరోజులో జరిగిన అతిపెద్ద కాల్పులు. అంతకుముందు అక్టోబరు 14న సొబిబోర్‌లో యూదు ఖైదీలు తిరగబడి, కాపలావాళ్లను చంపి, కొన్ని వందలమంది తప్పించుకుపోయారు. లుబ్లిన్ జిల్లాలో మిగిలిన యూదు కూలీలు కూడా అలాగే తిరగబడతారని హిమ్లర్‌కి భయం పట్టుకుంది. 'కోతల పండగ' అని పేరు పెట్టి హత్యాకాండకి ఆదేశం పంపాడు. రక్షణ గుంతలని చెప్పి ముందే కందకాలు తవ్వించారు. ఆ పొద్దున హాజరులో యూదుల్ని వేరుచేసి, ఊళ్లోని ఇతర పని శిబిరాల నుంచి కూడా నడిపించుకొచ్చి, బట్టలు విప్పించి, కందకాల్లో పడుకోబెట్టి తుపాకులతో కాల్చారు. లౌడ్‌స్పీకర్లు పెట్టి కవాతు పాటలు, నాట్య సంగీతం మోగించారు, చప్పుళ్లు ఊరికి వినబడకుండా. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి ఇక్కడ ఒక్కచోటే 18,000 మందికి పైగా చనిపోయారు. త్రావ్నికి, పొన్యతోవా శిబిరాల్లో చంపినవాళ్లతో కలిపితే రెండు రోజుల్లో 42,000 దాటుతుంది.

మేం అక్కడ నిలబడింది ఆ తేదీ దాటిన రెండు మూడు రోజులకి. గడ్డి మీద కొత్తగా పెట్టిన పూలగుత్తులు, చిన్నచిన్న రాళ్లు ఉన్నాయి. యూదులు సమాధుల దగ్గర పూలకంటే రాళ్లు పెడతారు. మా మేనల్లుడు బాట మీంచి ఒక గులకరాయి తీసి వాటి పక్కన పెట్టాడు.

గుంతలకు దగ్గర్లోనే గుండ్రటి పెద్ద కప్పు కింద బూడిద గుట్ట. విక్తర్ తోల్కిన్ రూపకల్పన చేసిన ఈ కట్టడాన్ని 1969లో ఆవిష్కరించారు. కొలుముల్లోంచి తీసిన బూడిదని మట్టితో, పేడతో కలిపి ఎరువుగా ఎస్‌ఎస్ వాళ్లు తోటలకి వాడేవారు. వాడగా మిగిలిపోయిన ఆ కుప్పల్ని యుద్ధం తర్వాత పోగుచేసి గుట్టగా పోశారు. అంచు దగ్గర నిలబడి చూస్తే మట్టిలో తెల్లటి పలుకులు కనిపిస్తాయి. అవి ఎముకలు.

ఇప్పుడు లెక్క సంగతి. 1944లో ఎర్రసైన్యం వచ్చిన వెంటనే పోలిష్, సోవియట్ కమిషన్ ఇక్కడ 15 లక్షల మంది చనిపోయారని ప్రకటించింది. 1948లో ఒక పోలిష్ న్యాయమూర్తి దాన్ని 3,60,000కి తగ్గించారు. 1990ల మొదట్లో మరో పరిశోధకుడు 2,35,000 అన్నారు. 2005లో ఈ మ్యూజియంలోనే పనిచేసే చరిత్రకారుడు తొమాష్ క్రాంజ్ దొరికిన కాగితాలన్నీ తిరగేసి 78,000 అని తేల్చారు. వాళ్లలో 59,000 మంది యూదులు. మ్యూజియం ఈ లెక్కనే ఒప్పుకుని గోడమీద రాసుకుంది.

ఒక శిబిరం మ్యూజియం తన మృతుల సంఖ్యని తానే తగ్గించుకోవడానికి ధైర్యం కావాలి. మారణహోమం జరగనేలేదని వాదించే దుర్మార్గులు ఇలాంటిదాన్ని ఎత్తిచూపుతారని వాళ్లకి తెలుసు. అయినా రాశారు. నేను దీన్ని గొప్ప పని అంటాను. చనిపోయినవాడి పట్ల మర్యాద అంటే అతన్ని సరిగ్గా ఒకసారి లెక్కపెట్టడం, రెండుసార్లు కాదు, అసలు పెట్టకుండా పోవడమూ కాదు. మనదగ్గర కరువుల్లో, మతకల్లోలాల్లో, దేశవిభజనలో పోయినవాళ్లను 'లక్షల్లో' అనేసి వదిలేయడం అలవాటైపోయింది. పెద్ద అంకె చెబితే పెద్ద గౌరవం ఇచ్చినట్టనుకుంటాం. మైదానెక్ చూశాక నాకలా అనిపించడం లేదు.

చంపినవాళ్లూ లెక్కపెట్టారు. 1943 జనవరి 11న లుబ్లిన్ నుంచి హెర్మన్ హోఫ్లే అనే ఎస్‌ఎస్ అధికారి పైవాళ్లకి ఒక రేడియో సందేశం పంపాడు. గ్లోబోచ్నిక్ కింద, లుబ్లిన్ నుంచే నడిచిన, యూదుల్ని మూకుమ్మడిగా చంపే 'ఆపరేషన్ రైన్‌హార్డ్' తాలూకు ఏడాది చివరి నివేదిక అది. బ్రిటిష్ గూఢచారులు దాన్ని గాలిలోనే పట్టుకుని విప్పారు, కానీ అదేమిటో వాళ్లకి అర్థం కాలేదు. 2000 సంవత్సరంలో లండన్‌ ఆర్కైవ్స్‌లో బయటపడేదాకా ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. అందులో పేర్లు లేవు, నాలుగు అక్షరాలు, వాటి ఎదురుగా అంకెలు. ఎల్ 24,733. బి 4,34,508. ఎస్ 1,01,370. టి ఎదురుగా 71,355. మొత్తం 12,74,166. కూడితే సరిపోదు. టి, అంటే ట్రెబ్లింకా, దగ్గర ఒక 5 జారిపోయింది. అసలు సంఖ్య 7,13,555. ఎల్ అంటే లుబ్లిన్, ఈ మైదానెక్కే; బి బెల్జెత్స్, ఎస్ సొబిబోర్. జారిపోయిన ఆ ఒక్క అంకె వెనక ఆరు లక్షల నలభై వేలకు పైగా మనుషులున్నారు.

ఆ 'బి'ని కూడా చూడాలనిపించి మర్నాడు బెల్జెత్స్ వెళ్లాం. ఉక్రెయిన్ సరిహద్దు దగ్గర చిన్న ఊరు, రైలుపట్టాల పక్కన కొండవాలు. 1942 మార్చి నుంచి డిసెంబరు లోపల సుమారు నాలుగున్నర లక్షల మందిని ఆ కాస్త జాగాలో చంపారు. అంతకు రెండేళ్ల ముందు, 1940లో, జర్మనీ నుంచి వెళ్లగొట్టిన రోమా, సింతీ కుటుంబాలను కూడా ఇదే ఊళ్లో పని శిబిరంలో పెట్టారు. మారణహోమం గురించి మాట్లాడేటప్పుడు జిప్సీలని మనం పిలిచే ఈ జనాన్ని చివర్లో ఒక ముక్కలో చెప్పి ఊరుకుంటారు, నేనూ ఇక్కడ అంతకంటే ఎక్కువ చెప్పలేకపోతున్నాను. బెల్జెత్స్ నుంచి తప్పించుకుని యుద్ధం తర్వాత నోరు విప్పి చెప్పగలిగినవాళ్లు ఇద్దరంటే ఇద్దరు. రుడాల్ఫ్ రెడర్ 1946లో తన అనుభవాన్ని పుస్తకంగా తెచ్చాడు. ఖైమ్ హిర్ష్‌మాన్ అదే ఏడు లుబ్లిన్‌లో వాంగ్మూలం ఇవ్వడం మొదలుపెట్టి, పూర్తిచేయకముందే హత్యకి గురయ్యాడు. 2004లో ఆ వాలు మొత్తాన్ని చిట్టెం రాళ్లతో కప్పి స్మారకంగా మార్చారు. చుట్టూ అంచు వెంబడి ఏ ఊరి నుంచి ఏ నెలలో మనుషుల్ని తెచ్చారో ఇనప అక్షరాల్లో రాసి ఉంది. ఆ ఊళ్లలో లుబ్లిన్ ఒకటి.

ఆ లుబ్లిన్ ఎలాంటి ఊరు? యుద్ధానికి ముందు సుమారు 1,20,000 జనాభాలో 43,000 మంది యూదులు. 1930లో ఇక్కడ తెరిచిన యూదు ధర్మ విద్యాలయం ప్రపంచంలోనే పేరున్నది, ఆ పసుపుపచ్చ కట్టడం ఇప్పటికీ ఉంది. పాత కోట గుట్ట చుట్టూ పొద్జామ్చే అనే యూదుల పేట, సందులు, ప్రార్థనాలయాలు, బేకరీలు, కుట్టుపనివాళ్ల కొట్లు. 1942 మార్చి 16 రాత్రి ఆ పేటలోకి పోలీసులు దిగారు. నెల రోజుల్లో సుమారు 28,000 మందిని పెద్ద ప్రార్థనాలయంలో పోగేసి, కబేళా పక్కనున్న రైలు ప్లాట్‌ఫారం దాకా నడిపించి, బెల్జెత్స్‌కి పంపారు. ఆ తర్వాత పేటనే కూల్చేశారు. ఇప్పుడు కోట ముందు ఒక పెద్ద ఖాళీ మైదానం, పార్కింగు. తెలియనివాళ్లు అక్కడ ఎప్పుడూ ఏమీ లేదనుకుంటారు.

పాత క్రైస్తవ నగరానికీ యూదుల పేటకీ మధ్య గ్రోద్స్కా ద్వారం ఉండేది. ఆ ద్వారం మిగిలింది. తొమాష్ పెత్రాషేవిచ్ 1990లో మొదలుపెట్టిన నాటక సంస్థ ఒకటి దాని పైనున్న గదుల్లో ఉంది. ద్వారానికి అటువైపు ఏముండేదో మొదట తనకీ తెలియదని ఆయనే చెప్పుకున్నాడు. తెలుసుకోవడం మొదలుపెట్టాక, నాటకాలు తగ్గి, ఊరి జ్ఞాపకాలు పోగుచేయడమే ఆ సంస్థ పనైపోయింది. ఆ గదుల్లో గోడల వెంబడి బీరువాల అరలున్నాయి, అరల నిండా ఫైళ్లు. లుబ్లిన్‌లో ఉన్న ఒక్కో యూదుకి ఒక్కో ఫైలు, 43,000 ఫైళ్లు.

నాకు ఒకటి తీసి చూడమన్నారు. వీపు మీద పేరు రాసి ఉంది. లోపల ఒక్క కాగితం: ఇంటి చిరునామా. అంతే. ఇంకోటి తీశాను, పేరు తప్ప ఏమీ లేదు. ఎక్కువ ఫైళ్లు అలాగే ఉంటాయట. మూడోది కొంచెం లావుగా ఉంది. బడి జాబితాలో పేరు, అద్దె రసీదు, ఒక ఫొటో. పాత చౌకులో ఒక ఇంటి అటకమీద మరమ్మతులప్పుడు సుమారు 2,700 గాజు నెగటివులు దొరికాయి. యుద్ధానికి ముందు ఇక్కడ స్టూడియో నడిపిన యూదు ఫొటోగ్రాఫరు తీసినవి. పెళ్లికూతుళ్లు, పసిపిల్లలు, సైనికులు, సైకిలు పక్కన నిలబడ్డ కుర్రాళ్లు. ఆ మొహాల్లో చాలావాటికి పేర్లు తెలియవు. ఫైళ్లలో పేర్లున్న చాలామందికి మొహాలు లేవు. ఆ రెండింటినీ జతచేయడమే అక్కడివాళ్ల రోజువారీ పని. హోఫ్లే రాసింది మనుషుల్ని తుడిచేసిన అంకె. వీళ్లు ఆ అంకెలోంచి మనుషుల్ని ఒక్కొక్కరినే వెనక్కి పట్టుకొస్తున్నారు.

మొహమూ పేరూ రెండూ మిగిలిన పిల్లాడు ఒకడున్నాడు, హెన్యో జితోమిర్స్కీ. 1933 మార్చిలో పుట్టాడు. వాళ్ల నాన్న ఏటేటా ఫొటో తీయించి పాలస్తీనాలోని బంధువులకి పంపేవాడు, అందుకే అవి మిగిలాయి. ఆఖరి ఫొటో 1939 జులై 5న, ఊళ్లో పెద్ద వీధిలోని బ్యాంకు మెట్ల దగ్గర తీసింది. తెల్ల చొక్కా, పొట్టి నిక్కరు, పెదాల మీద నవ్వు. ఆ సెప్టెంబరులో బడికి వెళ్లాలి, అదే నెలలో యుద్ధం వచ్చింది. 1942 నవంబరులో మైదానెక్ పక్కనున్న చిన్న గెట్టోని ఖాళీ చేసినప్పుడు వాడినీ లోపలికి తోలారు. వాడి వయసు పిల్లల్ని నేరుగా గ్యాస్ గదికే పంపేవారు. 2005 నుంచి ప్రతి ఏప్రిల్ 19న లుబ్లిన్ బడి పిల్లలు హెన్యోకి ఉత్తరాలు రాసి, అతనున్న పాత వీధి చిరునామాకి పోస్టు చేస్తారు. ఆ ఉత్తరాలు 'చిరునామాదారు తెలియదు' అన్న ముద్రతో వెనక్కి వస్తాయి. పిల్లలకి ఇది చెప్పే పద్ధతి ఇంతకంటే మంచిది నేనెక్కడా చూడలేదు. తొమ్మిదేళ్ల పిల్లాడికి తొమ్మిదేళ్ల పిల్లాడు ఉత్తరం రాస్తాడు, జవాబు ఎందుకు రాదో ఇంట్లో పెద్దల్ని అడుగుతాడు.

శిక్షల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఆ కథ మనసుకి ఊరటనివ్వదు. శిబిరం చేజిక్కిన కొద్ది నెలలకే పట్టుబడ్డ ఆరుగురిని లుబ్లిన్‌లోనే విచారించారు. మిగతావాళ్లలో చాలామంది జర్మనీలో మామూలు జీవితాల్లోకి జారుకున్నారు. ఇక్కడ ఆడఖైదీల్ని బూటుకాళ్లతో తొక్కిన హెర్మీనే బ్రౌన్‌స్టైనర్ ఒక అమెరికన్ని పెళ్లాడి న్యూయార్క్‌లో ఇల్లాలిగా బతుకుతుండగా 1964లో బయటపడింది. పశ్చిమ జర్మనీ డ్యుసెల్‌డార్ఫ్‌లో 1975లో మొదలుపెట్టిన మైదానెక్ విచారణ 1981 దాకా సాగింది. ఆమెకి యావజ్జీవం పడింది. ఇతరులకి పడిన శిక్షలు చాలా తక్కువ. ముసలివాళ్లైపోయిన సాక్షుల్ని నిందితుల లాయర్లు కోర్టులో అవమానించారు. అసలు నమ్మించడమే తేలిక కాలేదు: 1944 ఆగస్టులో విలేకరి అలెగ్జాండర్ వర్త్ ఈ శిబిరం గురించి పంపిన వార్తని బీబీసీ సోవియట్ ప్రచారమనుకుని పక్కన పెట్టింది. నమ్మేసరికి ఆలస్యం, శిక్షించేసరికి ఇంకా ఆలస్యం.

మన తెలుగువాళ్లు ఇప్పుడు పోలెండ్‌కి చదువులకీ ఉద్యోగాలకీ బాగానే వెళ్తున్నారు. వెళ్లినవాళ్లలో చాలామంది క్రాకోవ్ దాకా పోయి ఆష్విట్జ్ చూసొస్తారు. చూడాల్సిందే. వీలైతే లుబ్లిన్‌కి కూడా వెళ్లండి, వార్సా నుంచి రైల్లో సుమారు రెండు గంటల ప్రయాణం. మైదానెక్‌లో లోపలికి వెళ్లడానికి టికెట్టు లేదు, గాలి మాత్రం గట్టిగా కొడుతుంది, చలికోటు మరవకండి. మేం ముందు శిబిరానికి, తర్వాత గ్రోద్స్కా ద్వారానికి వెళ్లాం. మీరు వరస మార్చండి. ముందు ఆ ఫైళ్ల గదిలో ఒక గంట కూర్చుని, రెండు మూడు పేర్లు, వాళ్లున్న వీధుల పేర్లు చదివి, ఆ వీధుల్లో నడిచి, అప్పుడు బస్సెక్కండి.